టెక్ సందేహాలు: పదేళ్ల నాటి రిమ్ బ్రేక్ ట్రయథ్లాన్ బైక్‌ని మార్చేయాలా?

ప్రశ్న: నా కార్బన్ ట్రయథ్లాన్ బైక్ పదేళ్ల కిందటిది. చక్రం అంచును (రిమ్) నొక్కి ఆపే రిమ్ బ్రేకులు, 11 స్పీడ్ షిమానో ఎలక్ట్రానిక్ గేర్లు. ఫ్రేముకు ఏ ఇబ్బందీ లేదు. తోటివాళ్లంతా చక్రం మధ్యలోని పళ్లాన్ని పట్టి ఆపే డిస్క్ బ్రేకులకు మారిపోయారు. వచ్చే ఏడాది ఫుల్ ఐరన్‌మ్యాన్ (ఈత, సైక్లింగ్, పరుగు వరసగా ఉండే సుదూర ట్రయథ్లాన్) చేద్దామనుకుంటున్నా. పాత బైక్‌తో వెనకబడిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మార్చకండి. 2018లో హవాయిలోని కోనాలో జరిగిన ఐరన్‌మ్యాన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌ను జర్మనీ ట్రయథ్లెట్ పాట్రిక్ లాంగె 7 గంటల 52 నిమిషాల 39 సెకన్లలో ముగించారు. ఆ పోటీలో 8 గంటల లోపు రావడం అదే మొదటిసారి. ఆయన తొక్కింది రిమ్ బ్రేక్ బైకే. అలాంటి బైకుల వేగం ఈ కొన్నేళ్లలో ఎక్కడికీ పోలేదు.

ఐరన్‌మ్యాన్‌లో తొక్కాల్సిన 180 కిలోమీటర్లలో మీరు బ్రేకు పట్టేది ఎంతసేపు? చదును రోడ్డు మీద మిమ్మల్ని వెనక్కి లాగేది ముఖ్యంగా గాలి. అందులోనూ పెద్ద వాటా బైక్‌ది కాదు, మీ శరీరానిది. కాబట్టి డబ్బు పెట్టాలనుకుంటే ముందు మంచి బైక్ ఫిట్ మీద, అంటే సీటు, హ్యాండిల్ మీ శరీరానికి సరిపోయేలా అమర్పించుకోవడం మీద పెట్టండి. తల, భుజాలు ఇముడ్చుకుని ఏరో బార్ల (మోచేతులు ఆన్చి ముందుకు వంగే హ్యాండిల్) మీద గంటల తరబడి హాయిగా ఉండగలిగితే అదే అసలు అప్‌గ్రేడ్. మెడ నొప్పితో పదే పదే పైకి లేచేవాళ్లకు ఎంత ఖరీదైన ఫ్రేమైనా పెద్దగా కలిసిరాదు.

తర్వాత టైర్లు. తేలిగ్గా దొర్లే మంచి రేసింగ్ టైర్లు, లోపల లేటెక్స్ ట్యూబులు వేస్తే తేడా కాళ్లకే తెలుస్తుంది. లేటెక్స్‌లో గాలి త్వరగా తగ్గుతుంది, పోటీ రోజు ఉదయం తప్పక కొట్టుకోవాలి. పాత ఫ్రేముల్లో చాలావాటికి 25 మిల్లీమీటర్ల టైరే హద్దు. అంతకన్నా వెడల్పుది వేసేముందు ఫ్రేముకీ టైరుకీ మధ్య ఖాళీ చూసుకోండి.

డిస్క్ బ్రేకుల గొప్పతనాన్ని నేను తక్కువ చేయడం లేదు. వానలో, ముఖ్యంగా కార్బన్ రిమ్ మీద, రిమ్ బ్రేకు పట్టు దొరకడానికి ఆలస్యమవుతుంది. పొడవాటి దిగుడులో బ్రేకు నొక్కిపెట్టి ఉంచితే రిమ్ వేడెక్కి పాడయ్యే ప్రమాదమూ ఉంది. మీ పోటీ కొండదారుల్లోనో, వాన కురిసే కాలంలోనో ఉంటే డిస్క్‌కు మారడం సబబే. పొడి రోడ్డు మీద మాత్రం బాగున్న రిమ్ బ్రేకు కూడా చక్రాన్ని బిగబట్టేయగలదు. ఆపైన ఎంత దూరంలో ఆగుతారన్నది టైరు పట్టును బట్టే. పైగా ఏరో బార్ల మీద ఉన్నప్పుడు చేతులు బ్రేకు లివర్ల దగ్గరే ఉండవు. చేయి అక్కడికి చేరేలోపే బైక్ కొన్ని మీటర్లు వెళ్లిపోతుంది. గుంపులోనూ, మలుపుల దగ్గరా ముందే చేతులు కిందికి తెచ్చుకోవడం అలవాటు చేసుకోండి.

ఈ వారాంతంలో ఒక పని చేయండి. చక్రాలు విప్పి బ్రేకు ప్యాడ్లు చూడండి. రిమ్ అల్యూమినియందైతే ప్యాడ్లలో మెరిసే లోహపు ముక్కలు ఇరుక్కుని ఉండొచ్చు. సూదితో తీసేయండి, లేకపోతే రిమ్‌ను గీరేస్తాయి. రిమ్ పక్కన స్కేలు నిలబెట్టి చూడండి. మధ్యలో లోతుగా గుంట పడి కనిపిస్తే ఆ రిమ్‌కు కాలం చెల్లినట్టే. కార్బన్ రిమ్‌కు దాని తయారీదారు చెప్పిన ప్యాడ్లే వాడాలి. వెనక బ్రేకు పెడల్స్ కింద దాగి ఉంటే అక్కడ మట్టి పేరుకుంటుంది, కేబుల్ బిగుసుకుపోతుంది. కేబుల్, దాని గొట్టం రెండూ కొత్తవి వేయించండి. లివర్ నొక్కగానే తేడా తెలుస్తుంది.

మరో మాట. డిస్క్ బ్రేకు చక్రాలు మీ ఫ్రేముకు పట్టవు, మీ చక్రాలు డిస్క్ ఫ్రేముకు పట్టవు. అంటే బైక్ మారిస్తే రేసు చక్రాలూ మళ్లీ కొనాలి. మీరు తొక్కే బలాన్ని కొలిచే, పెడల్స్‌లో ఉండే పవర్ మీటర్, బైక్ కంప్యూటర్ మాత్రం ఏ బైక్‌కైనా మార్చుకోవచ్చు. అందుకే కొత్త బైక్ కన్నా ముందు అవి కొనుక్కోండి. ఫ్రేములో పగులు కనిపించినా, సైజే మీకు సరిపడకపోయినా అప్పుడు కొత్త బైక్ గురించి మాట్లాడుకుందాం.

ప్రశ్న: గేర్ల సాఫ్ట్‌వేర్‌ను పోటీకి ముందు అప్‌డేట్ చేయాలా?

జవాబు: పోటీ వారంలో వద్దు. కనీసం నెల ముందే ఫుల్ ఛార్జింగ్ పెట్టి, షిమానో వారి ఇ-ట్యూబ్ యాప్‌తో చేయండి. బైక్‌లో ఫోన్‌తో కలిపే వైర్‌లెస్ యూనిట్ లేకపోతే విండోస్ కంప్యూటర్‌కు కేబుల్ పెట్టాలి. మధ్యలో కనెక్షన్ తెగనివ్వకండి. పూర్తయ్యాక బైక్‌ను స్టాండ్ మీద పెట్టి అన్ని గేర్లూ మార్చి చూసి, ఆ తర్వాతే రోడ్డెక్కండి.