కే6 స్క్రిప్టులో ఎన్‌పీఎం లైబ్రరీ వాడాలంటే వెబ్‌ప్యాక్ తప్పదా?

కే6 అంటే సర్వర్ మీద లోడ్ పెట్టి పరీక్షించే టూల్, దాని టెస్టులు జావాస్క్రిప్టులో రాస్తాం. ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గిడ్డంగి) నుంచి తెచ్చి, నోడ్‌లో (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) చక్కగా నడిచే లైబ్రరీని కే6 స్క్రిప్టులో ఇంపోర్ట్ చేస్తే మాడ్యూల్ తెలియదని ఎర్రర్ వస్తోందని, వెబ్‌ప్యాక్ (మీ కోడునీ లైబ్రరీలనీ కలిపి ఒకే ఫైలు, అంటే బండిల్, చేసే బండ్లర్) పెట్టక తప్పదా అని అడిగారు. తప్పదని ఏమీ లేదు. ఈఎస్‌బిల్డ్ అనే మరో బండ్లర్‌తో ఒక్క కమాండ్‌లో పని అయిపోతుంది. అసలు ఆ లైబ్రరీ మీకు కావాలా అన్నదే పెద్ద ప్రశ్న, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కే6 గో భాషలో రాసిన ప్రోగ్రామ్. దాని లోపల మీ స్క్రిప్టును నడిపేది నోడ్ కాదు, సోబెక్. గోజా అనే జావాస్క్రిప్ట్ ఇంజిన్ నుంచి, కే6ని తయారుచేసే గ్రాఫానా వాళ్లు విడదీసుకుని నడుపుతున్నది అది. ఎన్‌పీఎం లైబ్రరీలు దిగే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ వైపు కే6 తొంగి కూడా చూడదు. 0.57 వెర్షన్ నుంచి టైప్‌స్క్రిప్ట్ ఫైళ్లను నేరుగా నడుపుతోంది కాబట్టి ఎన్‌పీఎం సమస్య కూడా తీరిపోయిందని కొందరు అనుకుంటున్నారు. తీరలేదు. అది టైపులను తీసి పక్కన పెడుతుంది, అంతే.

ఈఎస్‌బిల్డ్‌కి ఇవ్వాల్సిన ఆప్షన్లు ఇవి: బండిల్ ఆన్, ఫార్మాట్ ఈఎస్ఎం (ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ ఉండే మాడ్యూల్ పద్ధతి), ప్లాట్‌ఫామ్ న్యూట్రల్, మెయిన్ ఫీల్డ్స్‌లో మాడ్యూల్, మెయిన్ (ఈ వరుసలోనే), టార్గెట్ ఈఎస్2017, ఎక్స్‌టర్నల్ కే6 (దాన్ని బండిల్‌లో కలపొద్దని). అవుట్‌పుట్ ఫైలు డిస్ట్ ఫోల్డర్‌లోకి. తర్వాత కే6 రన్‌కి మీ అసలు ఫైలు కాదు, డిస్ట్‌లో ఉన్నది ఇవ్వాలి.

వీటిలో ఫార్మాట్, ప్లాట్‌ఫామ్ రెండూ మరిచిపోతే ఈఎస్‌బిల్డ్ మామూలుగా ఫైలంతా ఒక ఫంక్షన్‌లో చుట్టి ఇస్తుంది. మీ డిఫాల్ట్ ఫంక్షన్, ఆప్షన్స్ ఎక్స్‌పోర్టులు రెండూ మాయమైపోతాయి. అప్పుడు స్క్రిప్టులో ఎక్స్‌పోర్ట్ చేసిన ఫంక్షన్లే లేవని కే6 చెప్తుంది. ఆ మెసేజ్ చూసి చాలామంది స్క్రిప్టులో తప్పు వెతుకుతారు, తప్పేమో బిల్డ్‌లో ఉంటుంది. మెయిన్ ఫీల్డ్స్ ఇవ్వకపోతే న్యూట్రల్ ప్లాట్‌ఫామ్ ప్యాకేజీలోని మెయిన్ ఫీల్డుని పట్టించుకోదు, పాత ప్యాకేజీలు దొరకలేదంటుంది. ఎక్స్‌టర్నల్‌లో కే6 అని ఒక్కటి ఇస్తే చాలు, కే6 స్లాష్ హెచ్‌టీటీపీ లాంటివన్నీ దాని కిందికే వస్తాయి. వెబ్‌ప్యాక్‌లో అయితే సాధారణంగా దీనికి రెగెక్స్ (పేర్లను పట్టే ప్యాటర్న్) రాయాలి, లైబ్రరీ టార్గెట్‌ని కామన్‌జేఎస్ చేయాలి, బేబెల్ లోడర్ తగిలించాలి. పాత ట్యుటోరియల్ నుంచి అరవై లైన్ల కాన్ఫిగ్ కాపీ చేసి, ఏ లైను ఎందుకుందో తెలియకుండా రెపోలో పడేసే అలవాటు ఎప్పుడు పోతుందో.

బిల్డ్ అయ్యాక రన్‌లో ప్రాసెస్ లేదనో బఫర్ లేదనో ఎర్రర్ వస్తే, ఆ లైబ్రరీ నోడ్ వస్తువులను వెతుకుతోందని అర్థం. ప్రాసెస్ డాట్ ఈఎన్‌వీ డాట్ నోడ్ ఈఎన్‌వీ కోసం డిఫైన్ ఆప్షన్ ఇస్తే సరిపోతుంది. బఫర్‌కి అదే పేరుతో ఎన్‌పీఎంలో ఉన్న ప్యాకేజీని ఇంజెక్ట్ చేయొచ్చు. ఫైల్ సిస్టమ్, సాకెట్లు అడిగే లైబ్రరీ అయితే వదిలేయండి, దానికి మందు లేదు.

ఇక అసలు విషయం. కే6లో ప్రతి వర్చువల్ యూజర్‌కీ (వీయూ, అంటే టెస్టులో సర్వర్‌ని వాడే ఉత్తుత్తి యూజర్) వేరే జావాస్క్రిప్ట్ రన్‌టైమ్ ఉంటుంది. మీ బండిల్ టాప్ లెవెల్ కోడ్ ప్రతి వీయూలోనూ మళ్లీ నడుస్తుంది, అది తయారుచేసే ఆబ్జెక్టులు అన్ని కాపీలుగా మెమరీలో కూర్చుంటాయి. తరచూ కనిపించే కేసు ఒకటి చెప్తాను. సైనప్ ఏపీఐకి టెస్ట్ రాస్తారు. పేర్లు, ఈమెయిళ్లు కావాలని నకిలీ డేటా తయారుచేసే ఫేకర్ లైబ్రరీని పూర్తిగా ఇంపోర్ట్ చేస్తారు. అందులో అన్ని భాషల లొకేల్ డేటా ఉంటుంది. ఒక వీయూతో రన్ చేస్తే పచ్చగా పాసవుతుంది. వెయ్యి వీయూలు పెడతారు. ఒక్కో వీయూకి 10 ఎంబీ అదనంగా పట్టినా 10 జీబీ అయింది, జెనరేటర్ మెషీన్లో (కే6 నడిచే మెషీన్) ఉన్నది 8 జీబీ. లినక్స్ దాన్ని చంపేస్తుంది, ఎగ్జిట్ కోడ్ 137 వస్తుంది. అలా చస్తే నయం, కారణం త్వరగానే దొరుకుతుంది.

చావకుండా అంచున నడిస్తేనే ప్రమాదం. వాడని మెమరీని ఏరేసే గార్బేజ్ కలెక్టర్ సీపీయూ అంతా తినేస్తుంది. సర్వర్ నుంచి జవాబు వచ్చి కూర్చున్నా, దాన్ని చదవాల్సిన గోరొటీన్‌కి (గోలో తేలికపాటి థ్రెడ్) సీపీయూలో వంతు రాదు. ఆ ఎదురుచూపు కూడా రిక్వెస్ట్ డ్యూరేషన్‌లోకే వెళ్తుంది. పీ95 (95 శాతం రిక్వెస్టులు ఇంత సమయంలోపే అయ్యాయని చెప్పే అంకె) ఎగబాకుతుంది, గ్రాఫ్ మీటింగుకి వెళ్తుంది, డేటాబేస్ వాళ్లు ఇండెక్సులు తవ్వడం మొదలుపెడతారు. సర్వర్ వైపు లేటెన్సీ కదలకుండా ఉండి కే6లో మాత్రమే పెరిగిందంటే ముందు జెనరేటర్ మెషీన్లో టాప్ కమాండ్ తెరిచి చూడండి. సీపీయూ కనీసం 20 శాతం ఖాళీగా ఉండాలి. కాన్‌స్టంట్ అరైవల్ రేట్ (ఇటరేషన్లు స్థిరమైన వేగంతో మొదలయ్యే పద్ధతి) వాడుతుంటే డ్రాప్డ్ ఇటరేషన్స్ (మొదలుపెట్టలేక వదిలేసినవి) అంకె కూడా చూడండి. వెయ్యి వీయూలు అన్న అంకెను స్లైడు మీద చూసి మురిసిపోయే వాళ్లెవరూ ఈ రెండూ అడగరు.

దీనికి మందు సులువు. ఫేకర్‌ని నోడ్‌లోనే ముందుగా నడిపి, పదివేల యూజర్లను ఒక జేసన్ ఫైల్లో రాసిపెట్టుకోండి. కే6లో దాన్ని షేర్డ్‌అరే ద్వారా చదవండి, డేటా మెమరీలో ఒక్క కాపీయే ఉంటుంది. ఏ ఇటరేషన్‌కి ఏ వరస తీసుకోవాలో కే6 ఎగ్జిక్యూషన్ మాడ్యూల్లోని ఇటరేషన్ ఇన్ టెస్ట్ నంబర్‌ని పొడవుతో భాగిస్తే వచ్చే శేషం చెప్తుంది. బండ్లర్ అవసరమే రాదు. ఫేకర్ లోపలే ఉండాలని పట్టుబడితే ఇంగ్లిష్ లొకేల్ పాత్ ఒక్కటే ఇంపోర్ట్ చేయండి.

బండిల్ బరువు ఎంతో ఊహించొద్దు, కొలవండి. డిఫాల్ట్ ఫంక్షన్‌లో ఒక సెకను స్లీప్ మాత్రమే పెట్టి, లైబ్రరీ ఇంపోర్ట్ లేకుండా 100 వీయూలతో ఒక నిమిషం రన్ చేసి ఆర్ఎస్ఎస్ (కే6 వాడుతున్న ర్యామ్) రాసుకోండి. ఇంపోర్ట్‌తో మళ్లీ అదే చేయండి. తేడాని వందతో భాగిస్తే ఒక్కో వీయూ మీద పడే బరువు తేలుతుంది. ఫైలు సైజు చూసి అంచనా వేస్తే తప్పుతారు, మినిఫై చేస్తే (ఖాళీలు తీసేసి పేర్లు కుదిస్తే) ఫైలు చిన్నదవుతుంది గానీ ఆబ్జెక్టులు అన్నే ఉంటాయి. పైగా ఎర్రర్ వస్తే లైన్ నంబర్ చూసి ఏమీ తేలదు. మినిఫై ఆపేయండి.

వేగం సంగతి కూడా ఉంది. సోబెక్‌లో జిట్ (నడుస్తుండగానే కోడుని మెషీన్ కోడుగా మార్చేది) లేదు, నోడ్‌లో రెప్పపాటులో అయ్యే పని ఇక్కడ చాలా నెమ్మది. ప్రతి రిక్వెస్టుకీ హెచ్‌మాక్ (రహస్య కీతో చేసే) సంతకం కోసం క్రిప్టోజేఎస్ బండిల్ చేస్తుంటారు. కే6 క్రిప్టో మాడ్యూల్లోనే హెచ్‌మాక్, ఎస్‌హెచ్ఏ256 ఉన్నాయి, అవి గోలో నడుస్తాయి. బేస్64కి కే6 ఎన్‌కోడింగ్ ఉంది. లిస్టును ముక్కలు చేసే ఒక్క ఫంక్షన్ కోసం లోడాష్ మొత్తం తేవడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే, మూడు లైన్లు మీరే రాసుకోవచ్చు. హెచ్‌టీటీపీ రిక్వెస్టులు పంపే యాక్సియోస్‌ని బండిల్ చేయాలని చూసేవాళ్లకి మాత్రం నా దగ్గర ఓపిక లేదు. దాని అడాప్టర్లు బ్రౌజర్‌నో నోడ్‌నో అడుగుతాయి. ఏదో పాలీఫిల్‌తో (లేని ఫీచర్‌కి బదులుగా పెట్టే కోడు) నడిపించినా, రిక్వెస్ట్ కే6 హెచ్‌టీటీపీ మాడ్యూల్ గుండా వెళ్లకపోతే మెట్రిక్స్‌లో పడదు. మెట్రిక్స్ లేని లోడ్ టెస్ట్ ఎవరికి కావాలి?

జేఎస్‌లిబ్ డాట్ కే6 డాట్ ఐఓ నుంచి యూఆర్ఎల్‌తో నేరుగా ఇంపోర్ట్ చేసే దారి కూడా ఉంది, సీఎస్‌వీ కోసం పాపాపార్స్ అక్కడే దొరుకుతుంది. యూఆర్ఎల్‌లో వెర్షన్ నంబర్ ఉండాలి. సీఐ మెషీన్‌కి (బిల్డులు, టెస్టులు ఆటోమేటిగ్గా నడిపేది) బయటి నెట్ లేకపోతే టెస్ట్ మొదలే కాదు కాబట్టి అలాంటిచోట ఆ ఫైలుని రెపోలోకి దించుకోండి.

ఇంకొకటి. కే6 ఓపెన్ ఫంక్షన్‌తో చదివే ఫైళ్ల పాత్ స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్ నుంచి లెక్క. బండిల్ డిస్ట్‌లోకి వెళ్లాక, పక్కనే ఉన్న యూజర్స్ ఫైలు కోసం కే6 డిస్ట్‌లో వెతికి లేదంటుంది. ఈఎస్‌బిల్డ్ దాన్ని ముట్టుకోదు. కాబట్టి డేటా ఫోల్డర్‌ని డిస్ట్‌లోకి కాపీ చేసే లైను బిల్డ్ స్క్రిప్టులోనే పెట్టండి.