కోత మీద గ్లూ కోసం తొమ్మిది వేలు కట్టాలా?

ప్రశ్న: హనుమకొండలో ప్రైవేటు ఉద్యోగం, జీతం 32 వేలు. వచ్చే నెల నా భార్యకు సిజేరియన్. ప్యాకేజీ 65 వేలు, అందులో కోతకు పైన పిన్నులు (స్టేపుల్స్) వేస్తారట. గ్లూ అయితే కుట్లే ఉండవు, మచ్చ కనపడదు అంటూ ఇంకో 9 వేలు అడుగుతున్నారు. కాన్పయ్యాక తను పరకాలలో పుట్టింటికి వెళ్తుంది. చిట్టీ ఎత్తి కట్టమంటారా?

జవాబు: చిట్టీ జోలికి పోకండి. ఇంకా నెలలున్న చిట్టీని అవసరం కొద్దీ పాడితే, పాటలో వదులుకునేదే మీకు భారమవుతుంది.

మీకు చెప్పిన రెండింటి మధ్య మూడోది ఒకటుంది: చర్మం లోపలి నుంచి వేసే కరిగే దారం. 746 మంది తల్లులతో అమెరికాలో చేసి 2014లో ప్రచురించిన పరీక్షలో పిన్నులు వేసినవారిలో 10.6 శాతం మందికి కోత దగ్గర ఇబ్బందులు వచ్చాయి, దారంతో కుట్టినవారిలో 4.9 శాతం మందికే. పిన్నులతో డాక్టరుకు కొన్ని నిమిషాలు కలిసొస్తాయి, అంతే. దారాల్లోనూ తేడా ఉంది. 2017లో వచ్చిన ఇంకో అధ్యయనంలో పాలీగ్లాక్టిన్ దారంతో 14.4 శాతం మందికి, పోలిగ్లెకాప్రోన్‌తో 8.8 శాతం మందికి ఇబ్బందులు వచ్చాయి. ఇక గ్లూ చెడ్డదేమీ కాదు. కానీ దారం కన్నా మెరుగనడానికి గట్టి ఆధారం లేదు. పైగా గర్భసంచికి, లోపలి పొరలకు ఎలాగూ కుట్లు పడాల్సిందే, కాబట్టి ‘కుట్లే ఉండవు’ అన్నది నిజం కాదు.

పిన్నులకు అదనం లేదన్నారు కదా, ఆ లెక్క ఆస్పత్రిలో తేలదు. మా అక్కకు పిన్నులే వేశారు. తొమ్మిదో రోజు కోత ఒక మూల విడిచింది. పాత చీర మడతపెట్టి పొట్టకు అదిమి పట్టుకుని, రోజు విడిచి రోజు ఆటోలో డ్రెస్సింగుకు వెళ్లేది. ప్రతి గతుకుకూ కళ్లు మూసుకునేది. ఆటో కిరాయి, మందులు, బావ సెలవుల జీతం కోత కలిపి చూస్తే కాన్పు ప్యాకేజీలో పావు వంతు దాకా అయింది. మీ ఆవిడకు వారం పదిరోజులకు పిన్నులు తీయాలన్నా, పచ్చి బాలింతను పరకాల నుంచి హనుమకొండ దాకా తిప్పాలి. కరిగే దారానికి ఆ తిరుగుడు ఉండదు.

అందుకని డాక్టరమ్మను ముందే కలిసి, ‘మేడమ్, చర్మానికి కరిగే దారం వేయగలరా, ఏ దారం?’ అని అడగండి. బరువు, షుగర్, పాత కోత వంటివి చూసి ఆమె వేరేది మంచిదంటే ఆమె మాటే వినండి. దారం రేకు మీద ఎంఆర్పీ ఉంటుంది, బిల్లులో పడింది అంతకు మించకూడదు.

కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంటే కాన్పుకు ఎంత పరిమితో ఈ వారమే హెచ్ఆర్‌ను అడగండి. సొంతంగా ఇప్పుడు కొత్త పాలసీ తీసుకుంటే ఈ కాన్పుకు పనికిరాదు, వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. ప్యాకేజీయే బరువనిపిస్తే వరంగల్‌లో సీకేఎం ప్రభుత్వ ఆస్పత్రి, హనుమకొండలో ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి ఉన్నాయి, అక్కడికి వెళ్లడం చిన్నతనమేమీ కాదు.

గ్లూకు పెట్టాలనుకున్న 9 వేలు నెమ్మదిగానైనా కూడబెట్టి మీ భార్య ఖాతాలో వేయండి. కోత ఎర్రబడినా, చీము వాసన వచ్చినా, జ్వరం వచ్చినా, పైసల కోసం మీకు ఫోన్ చేసి ఎదురుచూడకుండా అదే రోజు ఆమె డాక్టరు దగ్గరికి వెళ్లగలగాలి. ఈ సంగతి మీ అత్తగారికి కూడా చెప్పి పెట్టండి.