పాత ప్రేమలు, కొత్త కలం: వంటింటి కథలు రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ పాత ప్రేమల్ని వంటింటి కథలుగా రాస్తున్న పుస్తకంలోంచి నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. కొన్ని చోట్ల పైకే నవ్వాను. ఒక చోట మాత్రం కాగితాలు పక్కన పెట్టేశాను. నవ్వు వచ్చిన చోట్లకి నా సాయం అక్కర్లేదు కాబట్టి, పక్కన పెట్టిన చోటుతోనే మొదలుపెడతాను.

రెండో అధ్యాయం చివర "మా ప్రేమ ఉప్పులేని కూరలా చప్పబడిపోయింది" అని రాశావు. ఉప్పులేని కూరని వేమన వాడేసి వందల ఏళ్లయింది. ఆయన దగ్గర అప్పు తెచ్చుకోవడం తప్పేం కాదు. కానీ ఆ వాక్యంలో నువ్వు లేవు, ఆ అమ్మాయి లేదు, చివరికి ఆ కూర కూడా లేదు. విచిత్రమేంటంటే అదే అధ్యాయం మధ్యలో అసలు సంగతి ఉంది, నువ్వే గమనించకుండా దాటిపోయావు. తనకి బీపీ ఉందనీ ఉప్పు తగ్గించమనీ ఆమె పరిచయమైన కొత్తలోనే చెప్పింది. నువ్వేమో "అంత తక్కువేస్తే ఇంక రుచేముంటుంది" అంటూ ప్రతిసారీ నీకు కావాల్సినంతే వేశావు. ఆమె ఏమీ అనకుండా గ్లాసుల కొద్దీ నీళ్లు తాగుతూ తినేది. ఆఖరికి ఒకరోజు నువ్వు భోజనానికి పిలిస్తే, తన డబ్బా తనే కట్టుకుని వచ్చింది.

ఒరేయ్, అధ్యాయమంటే అదీ! భోజనానికి పిలిస్తే డబ్బా కట్టుకొచ్చిన అమ్మాయి. దాన్ని ఒక్క వాక్యంలో కానిచ్చేసి, చివర్లో కవిత్వం పెట్టావు. నీ ప్రేమకి ఏమైందో ఆ డబ్బా మూత తీసిన చప్పుడు చెప్పేస్తుంది. నీ కూరలో ఉప్పు తక్కువై కాదు, ఎక్కువై ఆమె వెళ్లిపోయింది. నువ్వేమో ఉపమానంలో దాన్ని కూడా తలకిందులు చేశావు.

నేను నీకు చెప్పదలుచుకున్నది మొత్తం దీన్లోనే ఉంది. ఈ పుస్తకంలో వంటని ప్రేమకి పోలికగా వాడకు, సాక్ష్యంగా వాడు. ఎవరు ఎవరికి ఏం వండారు, ఎవరి మాట విన్నారు, ఎవరి పళ్లెంలో ఎంత మిగిలింది, ఆ మిగిలింది ఎవరు తిన్నారు, గిన్నెలు ఎవరు కడిగారు. ఇవి సరిగ్గా రాస్తే ప్రేమ గురించి విడిగా రాయాల్సింది పెద్దగా ఉండదు.

వండిపెట్టేవాడికి ఎప్పుడూ ఒక ఆశ ఉంటుంది, తినేవాళ్లకి ఒక మొహమాటం ఉంటుంది. నీ హాస్యమంతా ఆ రెంటి మధ్య ఉంది. "ఎలా ఉంది?" అని అడుగుతాం చూడు, కొత్త ప్రేమలో ఆ ప్రశ్నకి "చాలా బాగుంది" తప్ప ఇంకో జవాబు లేదు. కొన్నాళ్లు పోయాక "బాగుంది" అవుతుంది. ఇంకొన్నాళ్లకి "ఊఁ". మరి "బాలేదు" అని మొదటిసారి చెప్పింది ఎవరు, ఏ వంటకి, అప్పుడు నీ మొహం ఎలా పెట్టావు? నీ మూడు అధ్యాయాల్లోనూ ఆ రోజు లేదు. ప్రతి ప్రేమలోనూ అది ఉండే ఉంటుంది. వెతుకు.

ఇక మూడో అధ్యాయం. నీళ్లు కాచడం కూడా రాని అమ్మాయి మీద నాలుగు పేజీల జోకులు. జోకులు విడివిడిగా బాగానే ఉన్నాయి. కానీ మొదటి పేజీలో నీతో కలిసి నవ్విన నేను, మూడో పేజీకి వచ్చేసరికి ఆమె పక్షాన చేరిపోయాను. కలం నీ చేతిలో ఉంది, ఆమె చేతిలో లేదు. ఆ తేడా పాఠకుడికి నీకంటే ముందే తెలుస్తుంది. పాత ప్రేయసి మీద కక్ష తీర్చుకుంటున్న వాసన ఒక్కసారి తగిలిందంటే, తర్వాత నువ్వెంత మంచి జోకు వేసినా ఎవరూ నమ్మరు. కాబట్టి నీ పుస్తకంలోకి వచ్చే ప్రతి మనిషికీ కనీసం ఒక చోట నీ మీద గెలిచే అవకాశం ఇవ్వు. అధ్యాయంలో అన్నిటికన్నా మంచి డైలాగు ఆమెదే అయితే మరీ మంచిది. ఆమె నిజంగా అన్న మాటల్లో అలాంటిది ఒక్కటీ గుర్తు రాకపోతే, ఆమె మాట్లాడేటప్పుడు నువ్వు వినలేదని అర్థం. అప్పుడు అదే రాయి.

దీనికి విరుగుడుగా చాలామంది ఇంకో గోతిలో పడతారు. "నేనో చవటని, నేనో దద్దమ్మని" అని పేజీకోసారి రాసుకుంటారు. అది వినయం కాదు. "అబ్బే, మీరు అలాంటివారేం కాదండీ" అని ఎదుటివాళ్లతో అనిపించుకోవాలనే ఎత్తు. బిరుదులొద్దు, చేసిన పని చెప్పు. మొదటి అధ్యాయంలో ఆ పని ఎంత చక్కగా చేశావో! మొదటిసారి ఆమె ఇంటికొస్తోందని అయిదు రకాలు వండాలనుకున్నావు. సాయంత్రమంతా పొయ్యి దగ్గరే ఉండిపోయావు. ఆమె హాల్లో కూర్చుని నీ రూమ్మేట్‌తో కబుర్లు చెప్పింది. నువ్వు గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన ప్రతిసారీ వాళ్లిద్దరి కుర్చీల మధ్య దూరం తగ్గుతూ ఉండటం, దాన్ని నువ్వు "మా వాడు గెస్టుని బోర్ కొట్టకుండా చూసుకుంటున్నాడు" అనుకోవడం! అక్కడ చవట అనే మాట లేదు. అందుకే అంత నవ్వొచ్చింది.

ఆ సన్నివేశం ఎందుకు పండిందో చూశావా? వంటకి పట్టే సమయం వల్ల. ఈ గడియారాన్ని బాగా వాడుకో. వంటల పుస్తకాలు ఉల్లిపాయలు అయిదు నిమిషాల్లో ఎర్రగా వేగుతాయంటాయి. పచ్చి అబద్ధం. ఉల్లిపాయలో 90 శాతం దాకా నీరే. ఆ నీరు పోయేదాకా బాణలిలో వేడి 100 డిగ్రీలు దాటదు. రంగూ తీపీ తెచ్చే రసాయన చర్య జోరందుకోవాలంటే 140 డిగ్రీల దగ్గరికి వెళ్లాలి. ఆ చర్యని 1912లో లూయీ కమీ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు, ఆయన పేరే దానికి పెట్టారు. సన్నటి సెగ మీద ఉల్లిపాయలు నిజంగా ముదురు గోధుమరంగుకి, మెత్తటి తీపికి రావాలంటే ముప్పావుగంట పడుతుంది. ఆ ముప్పావుగంటా పక్కకి కదలడానికి లేదు. ఇద్దరు మనుషులు, ఒక పొయ్యి, ముప్పావుగంట. ఒక నాటకానికి ఇంతకన్నా ఏం కావాలి? గొడవ మొదలైందనుకో. పొయ్యి కట్టేస్తే కోపమొచ్చినట్టు, కట్టకపోతే మాట విననట్టు. గరిటె తిప్పుతూ గొడవపడే మనిషి గొంతు పెంచలేడు, ఎదుటివాళ్ల మొహం చూడలేడు, వాదన మధ్యలో "ఒక్క నిమిషం, మాడిపోతోంది" అనాల్సొస్తుంది. ఆ "ఒక్క నిమిషం" తర్వాత ఆమె ఏమంది అన్నదే సన్నివేశం.

ఉల్లిపాయల దాకా వచ్చాం కాబట్టి ఒక మాట. "నేను ఏడ్చానా, ఉల్లిపాయ ఏడిపించిందా" అనే జోకు తీసెయ్. అది అందరూ రాసేశారు. కన్నీళ్లు తెప్పించే ఆ వాయువు కోసమే ఉల్లిపాయలో ఒక ప్రత్యేకమైన ఎంజైమ్ ఉందని 2002లో జపాన్ శాస్త్రవేత్తలు తేల్చారు. 2013లో వాళ్లకి ఇగ్‌నోబెల్ కూడా ఇచ్చారు, అదీ ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి. అంటే ఆ కన్నీళ్ల మీద హాస్యానికి బహుమతి కూడా ఎవరో పట్టుకుపోయారు. నీకు కావాలంటే ఇంకో వివరం ఇస్తాను. ఉల్లిపాయల్ని ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా కోస్తే కళ్లు అంతగా మండవంటారు. ఆ చిట్కా తెలిసి పాటించిన మనిషి, ఒకరోజు నిజంగా ఏడవాల్సి వచ్చినప్పుడు చెప్పుకోడానికి సాకు లేక దొరికిపోవడం. ఇది నేనెక్కడా చదవలేదు, వాడుకో.

ఇంకో లోపం మూడు అధ్యాయాల్లోనూ ఉంది. పరిచయం ఉంది, విడిపోవడం ఉంది, మధ్యది లేదు. ఇది నీ ఒక్కడి జబ్బు కాదు, జ్ఞాపకం పనిచేసే తీరే అంత. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ బృందం 1993లో ఒక ప్రయోగం ప్రచురించింది. మనుషుల చేత 14 డిగ్రీల చల్లటి నీళ్లలో ఒకసారి 60 సెకన్లు చెయ్యి పెట్టించారు. ఇంకోసారి అదే 60 సెకన్ల తర్వాత మరో 30 సెకన్లు ఉంచి, ఆ చివర్లో నీళ్లని ఒక్క డిగ్రీ వేడి చేశారు. మళ్లీ ఒకటి చెయ్యాలంటే ఏది చేస్తారని అడిగితే ఎక్కువమంది రెండోదే కోరుకున్నారు. బాధ ఎక్కువసేపున్నా ముగింపు కాస్త నయంగా ఉండటమే వాళ్లకి గుర్తుంది. మనకి మిగిలేది ఒక శిఖరం, ఒక ముగింపు. ఎంతసేపు సాగిందన్నది లెక్కలోకి రాదు. ప్రేమ జ్ఞాపకాలు రాసేవాళ్లంతా బ్రేకప్ రాత్రిని మూడు పేజీలు రాసి, కలిసి బతికిన రెండేళ్లని "అలా రోజులు గడిచాయి" అని ముగించేది అందుకే. హాస్యం మాత్రం ఆ "అలా గడిచిన" మంగళవారాల్లో ఉంటుంది. కేకు పొంగని రోజు, గ్యాసు అయిపోయిన రోజు, ఇద్దరూ అలిగి ఒకే వంటింట్లో వేర్వేరుగా రెండు ఆమ్లెట్లు వేసుకున్న రోజు.

మరి అవి గుర్తు తెచ్చుకోవడం ఎలా? డైరీలు తిరగెయ్యకు, వండు. ఏ ప్రేమ గురించి రాయాలనుకుంటున్నావో ఆ రోజుల్లో వండినదే ఈ రోజు వండు. వాసన వెళ్లే దారి వేరు. చూసినవీ విన్నవీ మెదడులో ఒక చౌరస్తా దాటి వెళ్లాలి. వాసన మాత్రం ఉద్వేగాలూ జ్ఞాపకాలూ ఉండే భాగాలకి దాదాపు నేరుగా చేరిపోతుంది. బాణలిలో వెన్న మాడుతుంటే ఆ ఇంటి కిటికీ సరిగా పడేది కాదని గుర్తొస్తుంది, ఆ కిటికీ కోసం పడ్డ తగువు గుర్తొస్తుంది. పక్కన నోట్‌బుక్ పెట్టుకో. నూనె మరకలు పడ్డా ఫర్వాలేదు. ఇంకో హెచ్చరిక, ఇలా వాసనతో వచ్చిన జ్ఞాపకం చాలా నిజంలా అనిపిస్తుంది గానీ వివరాల్లో తప్పు పోవచ్చు. ఆ రోజు ఎవరు ముందు అరిచారన్నది నీ ముక్కుకి తెలియదు.

రెసిపీలు పెట్టాలా వద్దా అని అడిగావు. పెట్టు, కానీ ప్రతి అధ్యాయానికీ ఒకటి చొప్పున తోక తగిలించినట్టు పెట్టకు. కథలో ఎవరికైనా ఆ వంట మీద పట్టుదల ఉన్నచోటే పెట్టు. జోకులు మాటల్లో వెయ్యి, కొలతల్లో వద్దు. "ఒక గుండెకోతంత కారం" అని చదివి నవ్వుకున్న మనిషి, ఆదివారం పొయ్యి ముందు నిలబడ్డప్పుడు నిన్ను తిట్టుకుంటాడు. కేకులాంటివి కప్పుల్లో చెప్పకు, గ్రాముల్లో చెప్పు. ఒక కప్పు మైదా తేలిగ్గా పోస్తే 120 గ్రాములుంటుంది, కుక్కి నింపితే 150 కూడా దాటుతుంది. ఆ తేడాతో కేకు రాయవుతుంది. రాసిన ప్రతి రెసిపీనీ వంట అంతగా రాని స్నేహితుడికిచ్చి, నువ్వు పక్కన లేకుండా చేయించు. వాడు ఎక్కడ ఆగి ఫోన్ చేస్తాడో అక్కడ నీ వాక్యం బాలేదన్నమాట. వాడు అడిగే ప్రశ్నలు కొన్ని పుస్తకంలోకే పనికొస్తాయి.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను, అచ్చుకి ముందు ఎలాగూ లాయర్ని అడుగుతావు. పాత ప్రేయసి నీకు రాసిన ఉత్తరాల్ని యథాతథంగా దించేశావు. ఆ కాగితం నీది, అందులో మాటలు ఆమెవి. ఉత్తరం మీద కాపీరైటు రాసినవాళ్లకే ఉంటుంది. అమెరికన్ నవలా రచయిత జె.డి. శాలింజర్ జీవితచరిత్ర రాయబోయిన ఇయాన్ హామిల్టన్ ఈ చిక్కులోనే పడ్డాడు. శాలింజర్ ఉత్తరాలు యూనివర్సిటీ లైబ్రరీల్లో ఎవరైనా చదువుకునేలా ఉన్నా, వాటిని అలా వాడుకున్న పుస్తకాన్ని 1987లో అమెరికా అప్పీలు కోర్టు ఆపేసింది. ఫోన్లో మెసేజ్‌లకైనా అదే జాగ్రత్త. మాటలు దించకుండా, అవి చదివినప్పుడు నువ్వేం చేశావో రాయి. పేరు మారిస్తే సరిపోతుందనుకోకు. ఊరు, ఉద్యోగం, ఆ పుట్టుమచ్చ అలాగే ఉంచితే తెలిసినవాళ్లంతా పట్టేస్తారు. అమెరికన్ రచయిత్రి నోరా ఎఫ్రాన్ 1983లో తన విడాకుల కథని రెసిపీలతో సహా నవలగా రాసింది. నవల అన్నా సరే, ఆ భర్త ఎవరో తెలియనివాళ్లు లేరు. ఒక వివరం నిజమే అయినా, అది ఆమె సొంత విషయమై, కథకి అక్కర్లేకపోతే తీసెయ్. ఆ బీపీ సంగతి కూడా ఆలోచించు. ఉప్పు తక్కువ తినేది అంటే చాలు, జబ్బు పేరు అక్కర్లేదు.

అచ్చుకి ముందు ఎవరికి చూపించాలి? పాత ప్రేమికులందరికీ పంపాలని నేననను. కొందరికి నీ నుంచి ఫోన్ రావడమే పెద్ద టెన్షన్. కానీ ఇప్పుడు నీతో ఉన్న అమ్మాయికి మాత్రం మొత్తం చదివించు. ఏ పేజీ దగ్గర ఆమె నవ్వడం మానేసిందో గుర్తుపెట్టుకో, కారణం అప్పుడే అడక్కు.

ముందు రెండో అధ్యాయాన్ని ఆ డబ్బాతో మళ్లీ రాయి. నాలుగోది పంపేటప్పుడు కేకు కొలతలు గ్రాముల్లో ఇవ్వు, చేసి చూస్తాను. పొంగకపోతే మాత్రం అర్ధరాత్రైనా సరే ఫోన్ చేస్తాను.

అక్క