చిన్నాకి, తారు పని గురించి

చిరంజీవి చిన్నాకి, పర్లాకిమిడి నుంచి మీ పెద్దమావయ్య ఆశీర్వదించి రాయునది.

గుణుపురంలో కొత్తింటి గేటు నుంచి వాకిలిదాకా తారు పోసి చిప్స్, అదే సన్న కంకర, పరిపిస్తున్నావనీ, కాంట్రాక్టరు లేకుండా నువ్వే దగ్గరుండి చేయిస్తావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంబరపడ్డానో! రాత్రి నిద్ర మాత్రం పట్టలేదురా.

కింద పరిచే మెటల్ (కంకర రాళ్ళు), గ్రావెల్ తడిపి రోలరుతో గట్టిగా తొక్కించు. నీళ్ళు రోడ్డువైపు జారేలా వాలు పెట్టించు. దుమ్ము ఊడిపించి, ప్రైమర్ (అడుగున పట్టుకోసం వేసే పల్చటి తారు పూత) కొట్టించి, ఒకరోజు ఆరనియ్యి. నీది 60 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు కదా, 60 కిలోల తారు, 20 ఘనపుటడుగుల 13 ఎం.ఎం. చిప్స్ సరిపోతాయి. తారు ఎక్కువైతే వైశాఖం ఎండకి పైకి తేలి, ఇల్లంతా నల్లటి అడుగులే.

డ్రమ్ము పొయ్యి మీద పెట్టి తారు కాద్దామని ఎవడన్నా ఒప్పుకోకు.

మీ నాన్న ఎడమ చేతి మీద మచ్చ గుర్తుందా? జారి వేడి డ్రమ్ము మీద పడ్డానని చెప్పేవాడు కదూ. కాదురా. నా వల్ల అయింది. నువ్వింకా పాకుతున్న రోజులు. నేను తారు పనుల మేస్త్రీని, సాయానికి బావని పిలిచాను. రాత్రి వాన పడింది. ఒక డ్రమ్ముకి మూత సరిగ్గా లేదు. ‘ఇందులో నీళ్ళు దిగుంటాయి బావా’ అన్నాడు. కసిరాను. సాయంత్రానికి రోలరు తిరిగి పంపాలి, అదీ నా తొందర. కాగిన తారు 150 డిగ్రీల వేడి మీదుంటుంది. చెంబుడు నీళ్ళు తగిలినా ఆవిరై వెయ్యి రెట్లకు పైగా ఉబ్బుతాయి. పాలు పొంగినట్టు అంచు దాటేసింది. కర్రతో కలుపుతున్నది బావే.

ఆ గాభరాలో ఇంకా పెద్ద తప్పు చేశాను. చేతికంటుకున్న తారుని గోనెపట్టాతో లాగేశాను. తారుతోపాటు తోలూ వచ్చేసింది. లాగకూడదు. చల్లటి నీళ్ళు 20 నిమిషాలు ధారగా పోసి, తారు అలాగే ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. డాక్టరు చెప్పేదాకా నాకది తెలీదు. బావ పోయేదాకా ఆ చెయ్యి గురించి నన్నొక్క మాట అనలేదు.

నువ్వు ఎమల్షనే తెప్పించు, అంటే నీళ్ళలో కలిపి పల్చగా చేసిన తారు. కాయక్కర్లేదు. సుమారు మూడో వంతు నీళ్ళే ఉంటాయి గనక 90 కిలోలు కావాలి. పోసినప్పుడు గోధుమరంగులో ఉంటుంది, అది నల్లబడేలోగా చిప్స్ చల్లించి రోలరు తిప్పించు. చిప్స్ కడిగినవే వాడు, దుమ్ముంటే పట్టు దొరకదు. వంశధార వైపు మబ్బు పడితే ఆ రోజుకి పని ఆపెయ్, వాన కొడితే అంతా కొట్టుకుపోతుంది. రెండు రోజులు బండి ఎక్కించకు.

బూట్లు, పొడుగు చేతుల చొక్కా వేసుకో. పని ఏ రోజో చెప్పు, పొద్దున్న రైలుకి వచ్చి నీ పక్కనే కూర్చుంటాను. ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు. ఆ రోజు నేనే చెప్తాను.

నీ మావయ్య