చాంటర్ కీచుమంటోందా? గాలి ఎక్కడ తప్పించుకుంటుందో చూడండి

నమస్తే అండీ. ఎడిన్‌బరోలో స్కూల్లో చేరిన మీ బాబుకి పైప్ బ్యాండ్‌లో రెండు నెలలైనా బ్యాగ్‌పైప్ (సంచిలో గాలి నింపి వాయించే స్కాట్లాండ్ వాద్యం) ఇవ్వలేదని, ఇచ్చిన ప్రాక్టీస్ చాంటర్ (వేళ్ల సాధనకి వాడే, సంచి లేని రంధ్రాల గొట్టం) కూడా కింది స్వరాల దగ్గర కీచుమంటోందని రాశారు. టెన్షన్ పడకండి. అందరూ మొదట చాంటర్ మీదే నెలల తరబడి సాధన చేస్తారు. సంచి, డ్రోన్‌లు అనే మూడు శ్రుతి గొట్టాలు తర్వాతే. మన నాదస్వరానికి ఒత్తు శ్రుతి పట్టినట్టు, ఆ డ్రోన్‌లు ఆగకుండా మోగుతాయి.

కీచు శబ్దానికి కారణం చాలాసార్లు కింద ఉండదు, పైన ఉంటుంది. ఎడమ చేతి బొటనవేలో, ఉంగరపు వేలో రంధ్రాన్ని పూర్తిగా మూయకపోతే కింది స్వరం పగులుతుంది. వేళ్ల కొనలతో కాకుండా, వేళ్లు చాచి మెత్తటి భాగంతో మూయమనండి. ముందు ఎడమ చేతి వేళ్లు మాత్రమే పెట్టి ఊదాలి. శబ్దం శుభ్రంగా వచ్చాక కుడి చేతి వేళ్లు ఒక్కొక్కటిగా కలపాలి. మావాడికి చివరి చిటికెనవేలు అందడానికే మూడు వారాలు పట్టింది. వేళ్ల మీద రంధ్రాల గుండ్రటి అచ్చులు పూర్తిగా పడ్డాయో లేదో రోజూ చూసేదాన్ని.

గరగర వస్తే రీడ్ (లోపల గాలికి అదిరి శబ్దం పుట్టించే పీక) తడిసినట్టే, తీసి ఆరనివ్వండి.

ఇంకోటి, బ్యాగ్‌పైప్‌లో నాలుకతో స్వరాన్ని ఆపడం కుదరదు. ఒకే స్వరం రెండుసార్లు రావాలంటే మధ్యలో గ్రేస్ నోట్, అంటే వేలు కదిపి క్షణకాలం పలికించే చిన్న స్వరం, వేయాలి. అందుకే టీచర్ పాట నేర్పకుండా వేళ్ల కసరత్తులే చేయిస్తున్నారు. రోజూ పదిహేను నిమిషాలు చాలండి, కానీ మానకూడదు.