విచారణలు సున్నా అంటే నమ్మొచ్చా?

ప్రశ్న: ఒక పరిశోధన సంస్థ వార్షిక నివేదికలో 'ఈ ఏడాది అక్రమాలపై విచారణలు: సున్నా' అని చూశాను. అంటే అక్కడ అంతా సవ్యంగా ఉన్నట్టేనా?

జవాబు: అంత తొందరపడకండి. సున్నా అంటే తప్పు జరగలేదని కాదు, ఏ ఫిర్యాదూ అధికారిక విచారణ దాకా రాలేదని మాత్రమే. ఫిర్యాదు చేస్తే కెరీర్ పోతుందేమోనన్న టెన్షన్ ఉన్నచోట కూడా సున్నాయే కనిపిస్తుంది! నన్నడిగితే, రెండు మూడు కేసులు ఒప్పుకుని, వాటి తర్వాత ఏం మార్చారో రాసిన సంస్థనే ఎక్కువ నమ్ముతాను.

బ్రిటన్‌లో పరిశోధనలో నిజాయితీ కోసం 2012లో వచ్చిన, 2019లో సవరించిన ఉమ్మడి ఒప్పందం ప్రకారం సంస్థలు ఏటా ఇలాంటి ప్రకటన బయటపెట్టాలి. విచారణల వివరాలు అందులో క్లుప్తంగా ఉంటాయి, సాధారణంగా పేర్లుండవు. అమెరికాలో ప్రజారోగ్య నిధులు తీసుకునే సంస్థలు ప్రభుత్వ కార్యాలయానికి ఏటా నివేదిస్తాయి. అక్కడ అక్రమమంటే మూడే: లేని డేటా పుట్టించడం, ఉన్నదాన్ని వక్రీకరించడం, ఇతరుల పనిని కాజేయడం. పొరపాటున జరిగిన తప్పు ఈ లెక్కలోకి రాదు.

అందుకే అంకె ఒక్కటే చూడకండి. ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో, ఇచ్చినవాళ్లకు రక్షణేమిటో ఆ నివేదికలో ఉందా?