ఖర్చుల పాఠానికి పిల్లలు రావడం తగ్గితే

మీ యువజన కేంద్రంలో డబ్బు నిర్వహణ తరగతికి మూడో వారం నుంచి హాజరు తగ్గిపోయిందని రాశారు. లోపం పిల్లల్లో కాదు, బోర్డు మీద చెప్పే పద్ధతిలో ఉందని నా అభిప్రాయం. మీరు జరపబోయే ఆటల పోటీకి కేటాయించిన సొమ్మును వారికే అప్పగించి, రెండు మూడు చోట్ల ధరలు కనుక్కోవడం, రసీదులను తేదీల వారీగా పుస్తకంలో అంటించడం, సాయంత్రం చేతిలో మిగిలిన నగదుతో ఖాతా సరిచూడటం వారినే చేయనివ్వండి. లెక్కలో తేడా వస్తే వెంటనే దిద్దకండి. పోయిన రసీదు కోసం ఇద్దరు పిల్లలు సంచీ బోర్లించి వెతికే ఆ పావుగంటలోనే వారు ఎక్కువ నేర్చుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్న 10 జీవన నైపుణ్యాల్లో నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించడం రెండూ ఉన్నాయి, ఈ ఒక్క పనిలో రెండింటికీ సాధన దొరుకుతుంది. పెద్ద మొత్తాలకు మాత్రం మీ సంతకం తప్పనిసరి చేయండి.